వేణ్ణీళ్ళకు ఇల్లు కాలుతుందా?

వేణ్ణీళ్ళకు ఇల్లు కాలుతుందా అని మన పెద్దవాళ్ళు ఓ సామెత చెప్పిపోయారు. ఆ చెప్పినవాళ్ళెవరో సొంత ఇంట్లో కూర్చుని చెప్పి ఉంటారు. ధనుర్మాసపు చలిలో, తెల్లవారుజామున, అద్దె ఇంట్లో బాయిలరు పాడైన ఇల్లాలిని అడిగి ఉంటే సామెత మరోలా ఉండేది. అటు దగ్గుతూ లేచిన అత్తగారు, ఇటు స్కూలుకు టైమైపోతోందని గోలపెట్టే పిల్లలు, మధ్యలో పేపరులోంచి తల ఎత్తకుండానే "ఇంటివాళ్ళకు చెప్పావా?" అని అడిగే శ్రీవారు. ఇల్లు కాలదు నిజమే. ఇల్లాలి కడుపు మాత్రం భగ్గుమంటుంది.

పాడైన బాయిలరు ఎవరు బాగుచేయించాలి? చూడ్డానికి చిన్న ప్రశ్నే గానీ దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. చరిత్ర అనగానే రాజులూ, యుద్ధాలూ, తారీఖులూ అని భయపడకండి. ఇది కాగుల చరిత్ర, కిరాయిల చరిత్ర. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, ఈ మూడు ఊళ్ళనూ పట్టుకుని చెప్తాను. ఒకప్పుడు మూడూ నల్లగొండ జిల్లావే. 2016 అక్టోబరులో సూర్యాపేట జిల్లా ఏర్పడ్డాక కోదాడ అటు వెళ్ళింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. కోదాడ సరిహద్దు ఊరు. ఒకే వీధిలో ఒకరు 'కిరాయి' అంటే పక్కింటివాళ్ళు 'అద్దె' అంటారు. మాట ఏదైతేనేం, ఒకటో తారీఖు అందరికీ ఒకటే!

నిజాం రోజుల్లో ఈ ప్రాంతపు దొరల గడీల్లో వేణ్ణీళ్ళకు కొదవ ఉండేది కాదు. నీళ్ళు మోయడానికీ, కట్టెలు కొట్టడానికీ వెట్టి మనుషులుండేవారు. కూలి అన్న మాటే లేదు. 1941లో చిలుకూరులో రావి నారాయణరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభ జరిగింది. చిలుకూరు అంటే కోదాడకు దగ్గరే. వెట్టిచాకిరి పోవాలన్నది ఆ ఉద్యమంలో పెద్ద కోరిక. తరువాత ఈ ప్రాంతమంతా సాయుధ పోరాటంతో అట్టుడికింది. 1948 సెప్టెంబరులో నిజాం పాలన ముగిసింది. సరే, వెట్టివాడు వెళ్ళిపోయాక కాగు కింద మంట ఎవరు వేశారు? ఆ సంగతి ఏ చరిత్ర పుస్తకమూ పట్టించుకోదు. మామూలు ఇళ్ళల్లో అంతకుముందు నుంచీ వేస్తున్నవాళ్ళే వేశారు. చీకటితో లేచి, పెరట్లో మూడు రాళ్ళ మీద కాగు పెట్టి, పొగకు కళ్ళు నలుపుకుంటూ ఊదినవాళ్ళే.

1955 డిసెంబరు 10న నెహ్రూగారు నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ నీళ్ళు మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాల్లో పారాయి. వరి పండింది. వరి వెనక రైసుమిల్లులు, వాటి వెనక బ్యాంకులు, ఆఫీసులు, బడులు వచ్చాయి. ఆ ఉద్యోగాల కోసం ఎక్కడెక్కడి నుంచో కుటుంబాలు దిగాయి. ఇల్లుగలవాళ్ళు ఇంటిని రెండు మూడు ముక్కలు చేసి 'పోర్షన్లు' అని పేరు పెట్టారు. బావి ఒకటే, పెరడు ఒకటే, స్నానాలగది ఒకటే. వంతులు మాత్రం ముగ్గురివి.

ఆ రోజుల్లో కాపురంతో పాటు ఊరూరా తిరిగిన సామాను రాగి బాయిలరు. మీలో చాలామంది ఇళ్ళల్లో ఇప్పటికీ అటక మీద ఉండే ఉంటుంది. హైదరాబాదు వైపు హమాము అనేవారు. పొట్టి స్తంభంలాంటి రాగి పాత్ర, నడిమధ్య నిలువునా ఓ గొట్టం, గొట్టం అడుగున జల్లెడలాంటి పళ్ళెం, పక్కన కుళాయి. గొట్టంలో బొగ్గులో, కొబ్బరి చిప్పలో, చిన్న పుల్లలో వేసి అంటిస్తే చుట్టూ ఉన్న నీళ్ళు కాగుతాయి. మూడు రాళ్ళ పొయ్యిలో సగం వేడి గాలికి పోతే, ఇందులో మంట నీళ్ళ నడుమే ఉంటుంది కనుక పుల్లలు ఆదా. మా అమ్మకు పుట్టింటివాళ్ళు ఇచ్చిన బాయిలరు మిర్యాలగూడలో రెండిళ్ళూ, సూర్యాపేటలో మూడిళ్ళూ చూసింది. ఇల్లు మారినప్పుడల్లా బండి మీద ముందు దేవుడి పటాలు, ఆ తరువాత బాయిలరు, ఆ తరువాతే మేము!

అది కారితే ఇంటివాళ్ళను అడగాలన్న ఊహే ఎవరికీ వచ్చేది కాదు. అడగడానికి అది వాళ్ళది కాదుగా! వీధిలో మాట్లు వేసేవాడి కేక వినబడేదాకా చిల్లుకు ఏ మైనమో, చింతపండు పిప్పో అద్ది నెట్టుకొచ్చేవారు. అతను వచ్చి కొలిమి రాజేసి మాటు వేసి, బేరమాడి డబ్బులు పుచ్చుకుని వెళ్ళేవాడు. పాత్ర ఎవరిదో మరమ్మతు వాళ్ళది. తగువు లేదు.

అన్నట్టు, మిర్యాలగూడలో 'బాయిలరు పాడైంది' అంటే "ఏ మిల్లులో?" అని అడుగుతారు. ఉప్పుడు బియ్యం కోసం ధాన్యాన్ని ఆవిరి మీద ఉడికించే బాయిలర్లు అక్కడ కొల్లలు. ఆ ధాన్యం పొట్టు ఊకే వాటికి వంటచెరకు. ఆ బాయిలరుకున్న మర్యాద చూడండి! 1863లో కలకత్తాలో ఒక బాయిలరు పేలి చాలామంది చనిపోతే, మరుసటి ఏడే బెంగాలులో తనిఖీ చట్టం చేశారు. 1923లో దేశమంతటికీ బాయిలర్ల చట్టం వచ్చింది. రిజిస్టరు నంబరు ఉండాలి, ఇన్‌స్పెక్టరు చూసి సర్టిఫికెట్టు ఇవ్వాలి, ఆ సర్టిఫికెట్టు ఏడాదికి మించి చెల్లదు. ఆ పాత చట్టం స్థానంలో 2025లో కొత్తది కూడా వచ్చింది. మిల్లు బాయిలరు బాధ్యత ఎవరిదో అందరికీ తెలుసు. మన స్నానాలగదిలోదాని బాధ్యతే ఎవరికీ తెలియదు.

ఎందుకంటే ఈలోగా అది గోడెక్కింది. 1868లో లండనులో బెంజమిన్ వాడీ మాన్ అనే ఆయన గ్యాసు మంటతో నీళ్ళు కాచే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. ఇళ్ళకు రంగులు వేయించే వృత్తి ఆయనది. ఐస్‌లాండులోని వేడినీటి బుగ్గ పేరు మీద దానికి 'గీజర్' అని పేరు పెట్టాడు. ఆ పేరే కరెంటుదానికీ అంటుకుని మన ఊళ్ళకు వచ్చింది. మన ఆడవాళ్ళ నోట మాత్రం అది చాలాకాలం 'బాయిలరే'. పొగ పోయింది, ఊదుడు పోయింది. బాగానే ఉంది. కానీ గోడకు మేకులతో, గొట్టాలతో, తీగలతో బిగిసినది ఇంటివాళ్ళదైంది. వాడేది మనం. తగువు అక్కడ పుట్టింది.

"అమ్మా, బాయిలరు కారుతోందండీ" అని చెప్పడానికి వెళ్తే, ఒకప్పుడు మేమున్న ఇంటామె నింపాదిగా అంది: "మీరు రాకముందు మంచిగనే ఉండె గదమ్మా!" ఈ ఒక్క వాక్యంలో ఎంత న్యాయశాస్త్రం ఉందో! నేను నోరు తెరిచేలోగానే తీర్పు అయిపోయింది.

నిజానికి ముద్దాయి మనమూ కాదు, ఆవిడా కాదు, నీళ్ళు. నల్లగొండ ఫ్లోరైడు సంగతి దేశమంతా ఎరుగుదురు. అది మనుషుల ఎముకల మీద పగబట్టింది. గీజరును చంపేది సున్నం. బోరునీళ్ళలోని సున్నపు లవణాలు కాగినప్పుడల్లా కాయిల్ మీద తెల్లటి పొరలా పేరుకుంటాయి. పొర మందమైతే వేడి నీళ్ళకు అందదు, కాయిల్ తనలో తాను కాలి తెగిపోతుంది. ఎవరు వాడినా అంతే. ఏడాదికోసారి విప్పించి ఆ పొర తీయిస్తే దాని ఆయుష్షు పెరుగుతుంది.

మరి చట్టం ఏమంటుంది? 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టంలో 108వ సెక్షను ఉంది. వేరే ఒప్పందం లేనప్పుడు, యజమాని చేయించవలసిన మరమ్మతును చెప్పినా చేయించకపోతే, అద్దెకున్నవాళ్ళు చేయించుకుని ఆ ఖర్చు అద్దెలో తగ్గించుకోవచ్చు. వాడకంలో సహజంగా వచ్చే అరుగుదలకు వాళ్ళు పూచీ కాదు. తెలంగాణకు 1954లో హైదరాబాదు అద్దె చట్టం, దాని తరువాత 1960లో రాష్ట్రమంతటికీ మరొకటి వచ్చాయి. తగిన కారణం లేకుండా సదుపాయాలు తీసేయకూడదని 1960 చట్టం చెప్పింది. ఇక 2021లో కేంద్రం ఒక నమూనా అద్దె చట్టం తయారుచేసింది. దాన్ని ఏ రాష్ట్రానికారాష్ట్రం తన చట్టంగా చేసుకోవాలి. దాని వెనక ఒక పట్టిక ఉంది. సున్నాలు, గొట్టాలు, వైరింగు యజమాని వంతు. కుళాయి వాషర్లు, స్విచ్చులు, గీజరు మరమ్మతు అద్దెకున్నవాళ్ళ వంతు. వేరే రాసుకుంటే తప్ప!

ఆ చివరి మాట దగ్గరే మనం ఆగాలి. అద్దె కాగితం మీద సంతకం ఎవరిది? శ్రీవారిది. ఎదుటి సంతకం ఇంటాయనది. గీజరు చెడ్డరోజున చలిలో లేచేది, గ్యాసు పొయ్యి మీద గిన్నె తరువాత గిన్నె కాచి, బరువైన వేణ్ణీళ్ళు స్నానాలగదికి మోసేది, పై మెట్టెక్కి చెప్పి మాటపడేది ఈ ఇంటి ఆడది. ఆ మాట అనవలసి వచ్చేది ఆ ఇంటి ఆడది. సంతకాలు మగవాళ్ళవి, సణుగుళ్ళు మనవి. వెట్టి పోయిందని సంతోషించాం గానీ, వేణ్ణీళ్ళ దగ్గర కొంచెం మిగిలిపోయిందేమో చూసుకోవాలి.

అందుకే ఈసారి ఇల్లు మారేటప్పుడు, తాళం చెవి పుచ్చుకునే ముందే గీజరు వేసి చూడండి. ఎన్నేళ్ళదో, చెడితే ఎవరి ఖర్చో కాగితం మీద ఒక్క వాక్యం రాయించండి. బాగయ్యేదాకా బకెట్టులో హీటరు రాడ్డు వాడక తప్పకపోతే, ప్లగ్గు తీశాకనే నీళ్ళలో చెయ్యి పెట్టండి, పిల్లల్ని దగ్గరకు రానీయకండి. ఇక గిన్నెలు మోసే వంతు మీ ఒక్కరిదే అని ఆ కాగితంలో ఎక్కడా ఉండదు. పేపరు మడిచి లేవమని ఎవరినైనా నిరభ్యంతరంగా పిలవవచ్చు.