పారిశ్రామిక డేటాలో సెర్చ్, ఫిల్టర్: విరుదునగర్–కోవిల్‌పట్టి ప్రాంత చరిత్ర

కర్మాగారంలో పోగయ్యే లెక్కల్లోంచి కావలసిన నమోదును పట్టుకోవడం సెర్చ్. ఒక షరతుకు సరిపోయే నమోదులను మాత్రమే ముందుంచడం ఫిల్టర్. ఫిల్టర్ రెండు రకాలు. డేటా లోపలికి వచ్చేటప్పుడే కొంత ఆపేసేది ఒకటి, అంతా లోపల ఉంచి చూసేటప్పుడు మాత్రం అక్కర్లేనిది కనబడకుండా చేసేది రెండోది. మొదటి రకంలో పోయినదాన్ని తర్వాత ఎంత వెతికినా లాభం లేదు. తమిళనాడులోని విరుదునగర్ జిల్లాలోనూ, పక్కనే తూత్తుక్కుడి జిల్లాలో ఉన్న కోవిల్‌పట్టి, కయత్తారు ప్రాంతాల్లోనూ నూలు, అగ్గిపెట్టెలు, సిమెంటు, గాలిమరలు అన్నీ కూతవేటు దూరంలో ఉన్నాయి. అందువల్ల రెండు రకాల చరిత్రా ఇక్కడ ఒకేచోట కనిపిస్తుంది. విజయనగర, నాయక రాజుల కాలంలో తరలివచ్చిన తెలుగు కుటుంబాలు ఈ నల్లరేగడి సీమలో ఇప్పటికీ ఇంట్లో తెలుగే మాట్లాడతాయి. ఇక్కడి మిల్లుల చరిత్రలో వాటి పాత్ర పెద్దది.

రిజిస్టర్ల కాలం

పాలెగాళ్ల నాటి లెక్కలు తాటాకుల మీద ఉండేవి. వాటిలో వెతకడమంటే కట్ట విప్పి వరసగా చదవడమే.

1901లో కోవిల్‌పట్టిలో వ్యవసాయ పరిశోధన కేంద్రం ఏర్పడింది. వానాధారపు నల్లరేగడికి తగిన పత్తి రకాలను ఏరి స్థిరపరచడం దాని ప్రధాన పనుల్లో ఒకటి. అక్కడి నుంచి వెలువడిన రకాలకు ఊరి పేరులోని మొదటి అక్షరం, పక్కన క్రమసంఖ్య చేర్చి కె 11 వంటి పేర్లు పెట్టారు. పేరు చూడగానే పుట్టిన చోటు తెలిసిపోయే ఈ పొదుపైన పద్ధతి, తర్వాత కంప్యూటర్ కోడ్‌లు చేసిన పనినే ముందుగా చేసింది.

శివకాశిలో 1920లలో పి. అయ్య నాడార్, ఎ. షణ్ముగ నాడార్ అగ్గిపెట్టెల తయారీ మొదలుపెట్టారు. 1934 నాటి అగ్గిపుల్లల ఎక్సైజ్ చట్టంతో ఉత్పత్తి లెక్కకు ప్రభుత్వ ముద్ర పడింది. స్వాతంత్ర్యానంతరం కేంద్ర ఎక్సైజ్ పరిధిలోని ఫ్యాక్టరీలు ఆర్‌జీ-1 అనే రోజువారీ నిల్వ పుస్తకం నిర్వహించేవి. నిన్నటి నిల్వ, నేటి తయారీ, బయటికి పోయిన సరుకు, మిగిలిన నిల్వ అన్న గళ్లు అందులో ఉండేవి. ఆ పుస్తకంలో తారీఖును బట్టి వెతకడం సులువే. ఒక కొనుగోలుదారుకు ఏడాదిలో ఎంత సరుకు పోయిందో తేల్చాలంటే మాత్రం గుమస్తా పేజీలన్నీ తిరగేయాల్సిందే. ఆర్‌జీ-1 నిర్బంధం 2000లో తొలగింది.

ఒకే వస్తువును అనేక కోణాల నుంచి పట్టుకోవచ్చునన్న ఆలోచనకు శాస్త్రీయ రూపం ఇచ్చిన వ్యక్తి మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథపాలకుడు ఎస్.ఆర్. రంగనాథన్. 1933లో వెలువడిన ఆయన కోలన్ వర్గీకరణ పుస్తకానికి ఒకే అర కాక, విషయం, పదార్థం, చర్య, స్థలం, కాలం అన్న ముఖాలన్నింటినీ కలిపి ఒక సంఖ్య ఇస్తుంది. నేటి సాఫ్ట్‌వేర్‌లో తెరకు ఎడమవైపు కనిపించే తేదీ, యంత్రం, షిఫ్టు, లోపం రకం అన్న టిక్ గళ్ల వెనుక ఉన్నది ఈ ముఖాల వర్గీకరణే.

నూలు మిల్లులు

రాజపాళయంలో పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్స్‌ను స్థాపించారు. తెలుగు రాజుల కుటుంబానికి చెందిన ఆయన తర్వాత సర్జికల్ దూది, సిమెంటు రంగాలకూ విస్తరించారు.  కోవిల్‌పట్టిలో లక్ష్మీ మిల్స్, లాయల్ మిల్స్ ఉన్నాయి. 1956లో కోయంబత్తూరులో దక్షిణ భారత వస్త్ర పరిశోధన సంఘం, అంటే సిట్రా, ఏర్పడ్డాక మిల్లుల కొలతలను ఒకదానితో ఒకటి పోల్చి చూసే అలవాటు దక్షిణాదిలో బలపడింది.

అంతర్జాతీయంగా ఈ పోలికకు పునాది వేసింది స్విట్జర్లాండ్‌లోని ఉస్టర్ సంస్థ. 1957 నుంచి అది ప్రచురిస్తున్న ఉస్టర్ గణాంకాల్లో తన నూలు అసమానతను చూసుకున్న మిల్లు ప్రపంచ మిల్లుల్లో తాను ఏ శాతం దగ్గర ఉందో తెలుసుకునేది. 25 శాతం గీత మీద ఉన్న మిల్లు కంటే మెరుగైన నూలు తీసేవి ప్రపంచంలో నాలుగో వంతు మిల్లులే. అసలు విప్లవం మాత్రం 1968లో క్లాసిమాట్‌తో వచ్చింది. అప్పటిదాకా దారంలో లోపమంటే లావుపాటి తునక, అంతే. క్లాసిమాట్ దాన్ని పొడవు, లావు అన్న రెండు కొలతల పట్టికలో పెట్టింది. పొడవును బట్టి ఎ, బి, సి, డి నాలుగు వరసలు: ఎ సెంటీమీటరు లోపు, బి రెండు వరకు, సి నాలుగు వరకు, డి ఎనిమిది సెంటీమీటర్ల వరకు. లావును బట్టి 1 నుంచి 4 వరకు అంతస్తులు. మొదటి అంతస్తు నూలు సగటు లావు మీద 100 శాతం పెరుగుదలతో మొదలవుతుంది, నాలుగోది 400 శాతం దాటినది. మొత్తం 16 గళ్లు. తర్వాత పొడవాటి లావు, పల్చని చోట్లు చేర్చి గళ్లను 23 చేశారు. ప్రతి గడిలో లక్ష మీటర్ల నూలుకు ఎన్ని లోపాలున్నాయో రాస్తారు.

ఈ పట్టిక వచ్చాక మిల్లుల్లో మాట తీరే మారింది. క్వాలిటీ విభాగం వాళ్లు నూలు బాగాలేదని చెప్పి ఊరుకోవడం పోయి, సి3, డి3 పెరిగాయని చెప్పసాగారు. ఎ4, బి4, సి3, సి4, డి3, డి4 గళ్లను కలిపి అభ్యంతరకర లోపాలని పిలవడం సాధారణమైంది. పొట్టి లోపాలు పెరిగితే కార్డింగ్ వైపో, గాలిలో ఎగిరే దూది పీచు వైపో చూడటం, పొడవైనవి పెరిగితే డ్రాఫ్టింగ్ రోలర్లను, ముక్కలు అతికే పద్ధతిని తనిఖీ చేయడం మామూలు దారి అయ్యింది. లోపానికి పేరు ఉంది కాబట్టే దాన్ని వెతకడం కుదిరింది. పారిశ్రామిక డేటా చరిత్రలో ఇంత చక్కని వర్గీకరణలు అరుదు.

దీనికి జంటగా వైండింగ్ యంత్రం మీద ఎలక్ట్రానిక్ యార్న్ క్లియరర్ వచ్చింది. దారం కెపాసిటర్ పలకల మధ్య పరుగెత్తుతుంటే, నిర్దేశించిన గీత దాటిన లోపాన్ని అది అక్కడికక్కడే కోసేస్తుంది. తర్వాత కొసలు కలపాలి. గాలితో అతికే స్ప్లైసర్ 1980లలో వ్యాపించకముందు ఆ చోట ముడి వేసేవారు, ముడి కూడా ఒక లోపమే. గీత మరీ కిందికి దించితే కోతలు పెరిగి యంత్రం సామర్థ్యం పడిపోతుంది, పైకెత్తితే లావు తునకలు బట్టలోకి వెళ్తాయి. క్లియరర్ ఎక్కడ కోయాలన్న ఈ గీత నిర్ణయం వైండింగ్ మాస్టర్ నేర్పుకు పరీక్ష. కోసి పారేసిన దారం చెత్త డబ్బాలోకి పోయేది. ఏ స్పిండిల్ నుంచి వచ్చిన లోపమన్న సంగతి తొలి యంత్రాల్లో దానితోపాటే పోయేది. స్పిండిల్ సంఖ్యతో సహా నమోదు చేసే వ్యవస్థలు వచ్చాకే, వెయ్యికి పైగా స్పిండిళ్లున్న రింగ్ ఫ్రేములో తరచూ దారం తెంపే కొద్దిపాటి స్పిండిళ్లను ఫిల్టర్ చేసి మేస్త్రీకి జాబితా ఇవ్వడం వీలైంది.

పత్తి వైపున హెచ్‌వీఐ పరీక్ష ప్రతి బేలుకూ పొడవు, బలం, పీచు సన్నదనం తెలిపే మైక్రోనేర్, రంగు అంకెలు ఇచ్చింది. అమెరికాలోని కాటన్ ఇన్‌కార్పొరేటెడ్ 1980లలో తెచ్చిన బేళ్ల ఎంపిక సాఫ్ట్‌వేర్ ఆ అంకెలతో ప్రతి మిశ్రమం ఒకే సగటులో ఉండేలా బేళ్లను వరసపెట్టింది.

డీబేస్ నుంచి మార్షల్ దాకా

1980ల చివర్లో జిల్లా పట్టణాల కంప్యూటర్ సెంటర్లలో నేర్పినవి డీబేస్ త్రీ ప్లస్, ఆ తర్వాత ఫాక్స్‌ప్రో అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్లు. వాటిలో లొకేట్ ఫర్ అన్నది సెర్చ్, సెట్ ఫిల్టర్ టు అన్నది ఫిల్టర్. సెట్ ఫిల్టర్ కొట్టగానే తెర మారేది కాదు. రికార్డు సూచిక ఉన్నచోటే ఉండిపోతుంది కాబట్టి గో టాప్ కొట్టాలి. అప్పుడే షరతు అమల్లోకి వచ్చేది. పైగా ఇండెక్స్ లేని ఫైలులో డీబేస్ మొదటి రికార్డు నుంచి చివరి దాకా ప్రతిదాన్నీ చదివేది. ఫాక్స్‌ప్రో 2.0లో వచ్చిన రష్‌మోర్ విధానం ఇండెక్సులతోనే జవాబు తేల్చి ఆ బాధ తగ్గించింది.

ఈ నేపథ్యంలో రాజపాళయం రాజుల వ్యాపార కుటుంబం సాఫ్ట్‌వేర్‌లోకి వచ్చింది. రామసామి రాజా మనవడు పి.ఆర్. వెంకట్రామ రాజా ఆధ్వర్యంలో రామ్‌కో ఇండస్ట్రీస్‌లో ఒక పరిశోధన విభాగంగా మొదలైన పని 1997లో రామ్‌కో సిస్టమ్స్ అనే కంపెనీ అయ్యింది. 1990లలో అది తెచ్చిన మార్షల్, భారతదేశంలో తయారైన తొలి ఈఆర్‌పీలలో, అంటే సంస్థ పనులన్నింటినీ కలిపి నడిపే సాఫ్ట్‌వేర్లలో, ఒకటి. కొనుగోలు, నిల్వ, ఉత్పత్తి, జీతాలు ఒకే డేటాబేసులో ఉండటంతో, గోదాము లెక్కలో ఒక విడిభాగాన్ని వెతికినవాడు అదే తెర నుంచి దాని కొనుగోలు ఆర్డరుకు వెళ్లగలిగాడు. సంస్థ తర్వాత పేరు తెచ్చుకున్న విమాన నిర్వహణ సాఫ్ట్‌వేర్‌లో ఈ గుణం మరింత కీలకం. అక్కడ విడిభాగం సంఖ్యతోపాటు సీరియల్ సంఖ్యనూ పట్టుకుని, ఆ ముక్క ఏ విమానంలో ఎన్ని గంటలు ఎగిరిందో చూడాలి. సిమెంటు, నూలు కుటుంబం నుంచి వచ్చిన ఈ కంపెనీ విదేశీ దిగ్గజాల మధ్య నిలదొక్కుకోవడం చెప్పుకోదగ్గదే.

సిమెంటు, ట్యాగులు

అదే కుటుంబపు మద్రాస్ సిమెంట్స్ 1957లో నమోదై, 1960ల తొలినాళ్లలో విరుదునగర్ దగ్గరి రామసామి రాజా నగర్‌లో ఉత్పత్తి మొదలుపెట్టింది. సిమెంటు కిల్న్ వంటి నిరంతర ప్రక్రియలో డేటా వరసలుగా కాక ధారగా వస్తుంది. ప్రతి సెన్సరుకూ ఒక ట్యాగు ఉంటుంది. టీటీ అంటే ఉష్ణోగ్రత ట్రాన్స్‌మిటర్, పీటీ అంటే పీడనానిది. ఈ అక్షరాల సంప్రదాయం అమెరికా పరికరాల సంఘం ప్రమాణం నుంచి వచ్చింది. 1980లో మొదలైన ఓఎస్‌ఐసాఫ్ట్ సంస్థ రూపొందించిన పీఐ వంటి, కొలతలను కాలక్రమంలో దాచే హిస్టోరియన్ సాఫ్ట్‌వేర్లలో నక్షత్రం గుర్తుతో పేరులోని భాగాన్ని మాత్రమే ఇచ్చి ట్యాగులను వెతకవచ్చు. యూనిట్‌కొక తీరుగా పేర్లు పెట్టిన ప్లాంటులో ఆ నక్షత్రం ఎందుకూ కొరగాదు.

ఈ సాఫ్ట్‌వేర్లలో మొదటి రకం, అంటే గుమ్మం దగ్గరే ఆపేసే ఫిల్టర్ మౌనంగా పనిచేస్తుంది. నిర్ణీత హద్దులో ఉన్న చిన్న మార్పులను భద్రపరచకుండా, ఏటవాలు మారిన బిందువులనే దాచే కంప్రెషన్ పద్ధతి ఉంటుంది. డిస్క్ ఖరీదైన రోజుల్లో ఇది తప్పనిసరి. హద్దు వెడల్పుగా పెట్టిన ట్యాగులో ఒక కుదుపు జరిగిందా అని తర్వాత వెతికితే సరళరేఖ కనిపిస్తుంది. అలజడి లేదని కాదు, దాన్ని రాయలేదని అర్థం.

కయత్తారు గాలిమరలు

1799 అక్టోబరు 16న వీరపాండ్య కట్టబొమ్మన్‌ను ఉరితీసిన కయత్తారు, నేడు జాతీయ పవన శక్తి సంస్థ వారి గాలిమర పరీక్షా కేంద్రానికి చోటు. శెంకోట్టై కనుమ గుండా వచ్చే నైరుతి గాలి ఇక్కడికి బలంగా చేరుతుంది. మర ఇచ్చే విద్యుత్తును గాలి వేగంతో పోల్చే పవర్ కర్వ్ పరీక్ష ఐఈసీ 61400-12 ప్రమాణం ప్రకారం జరుగుతుంది. ఫిల్టర్‌కు ఇంతకంటే కఠినమైన నియమావళి ఈ ప్రాంతంలో మరోచోట కనబడదు. కొలతలను పది నిమిషాల సగటులుగా తీసి, గాలి వేగాన్ని సెకనుకు అర మీటరు అంతరంతో గళ్లుగా విడగొడతారు. ఒక్కో గడిలో కనీసం అరగంట డేటా, మొత్తం మీద 180 గంటలు ఉండాలి. మర చెడిపోయినప్పటి, చేత్తో ఆపినప్పటి, పరికరం పాడైనప్పటి కొలతలు తీసేస్తారు. పక్క మర నీడలోంచి గాలి వచ్చిన దిక్కులవీ పక్కన పెడతారు. వీటికి మించి ఏ కారణంతో డేటా తీసేసినా నివేదికలో రాయాల్సిందే.

వ్యాపారుల తెర

2017 జూలైలో జీఎస్‌టీ వచ్చాక అగ్గిపుల్లలకు 3605, బాణసంచాకు 3604 హెచ్‌ఎస్‌ఎన్ అనే వస్తు వర్గీకరణ సంఖ్యలు బిల్లుల్లో భాగమయ్యాయి. అగ్గిపుల్లల్లో చేతితో చేసినవాటికి, యంత్రంతో చేసినవాటికి వేర్వేరుగా ఉన్న రేటును 2020 ఏప్రిల్ నుంచి 12 శాతానికి కలిపినప్పుడు, పాత బిల్లులను తారీఖు, హెచ్‌ఎస్‌ఎన్ రెండింటితో విడదీయాల్సి వచ్చింది. విరుదునగర్ పప్పుల, నూనెల మండీల్లో వాడే ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో ఆల్ట్, ఎఫ్12 మీటలు కలిపి నొక్కితే ఫలానా మొత్తానికి మించిన చీటీలే కనబడతాయి. తెర మూస్తే ఫిల్టర్ పోతుంది, చీటీలన్నీ ఎప్పటిలాగే ఉంటాయి.