ఫతహ్ అనే మాట: రాజ్యవిస్తరణకు, ధర్మవ్యాప్తికి మధ్య గల భేదం

అరబ్బీ చరిత్రగ్రంథాలను తెలుగులోకి తేవడానికి పూనుకున్న వానికి 'ఫతహ్' అనే మాట దగ్గరే మొదటి అడ్డంకి ఎదురవుతుంది. క్రీ.శ. 892లో మరణించిన బలాజురీ తన ప్రసిద్ధ చరిత్రకు 'ఫుతూహుల్ బుల్దాన్' అని పేరు పెట్టాడు. ఫతహ్ అంటే మూలార్థంలో తెరవడం. వాడుకలో ఒక దేశం వశం కావడం. తెలుగులో 'దండయాత్ర' అంటే దండు కదలడం ఒక్కటే కనిపిస్తుంది. 'జైత్రయాత్ర' అంటే ఆస్థానకవి పొగడ్తలా వినిపిస్తుంది. 'ఆక్రమణ' అంటే విచారణకు ముందే తీర్పు చెప్పినట్లవుతుంది. ఈ మూడింటిలో దేనిని ఎంచుకుంటామనేది భాషకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. మన చరిత్రను మనం ఎలా అర్థం చేసుకున్నామన్నది కూడా ఆ ఎంపికలోనే బయటపడుతుంది.

పటేల్‌గూడలో ఒక జుమా నాడు, నమాజు ముగిసిన తర్వాత, ఫ్యాక్టరీలో పనిచేసే ఒక యువకుడు నన్ను ఇలా అడిగాడు: "మౌల్వీ సాబ్, నాతో పనిచేసేవాళ్లు మీ మతం కత్తితో వచ్చిందంటారు. మొన్న ఒక జల్సాలో మనవాళ్లే ఆ కత్తిని పొగిడారు. ఇద్దరూ ఒకే మాట అంటుంటే నేనేం జవాబు చెప్పాలి?" ఈ ప్రశ్న నన్ను చాలాకాలం వెంటాడింది. నిందించేవారూ, గొప్పలు చెప్పుకునేవారూ ఒకే పొరపాటు చేస్తున్నారని ఆ యువకుడు గ్రహించాడు. రాజ్యం విస్తరించడమూ, ధర్మం వ్యాపించడమూ ఒకటేనని ఉభయులూ భావిస్తున్నారు. చరిత్ర ఏమంటున్నదో చూద్దాం.

ప్రవక్త ముహమ్మద్ (స) 632లో పరమపదించారు. మొదటి ఖలీఫా హజ్రత్ అబూబక్ర్ (రజి) కాలంలో అరేబియా తెగలు తిరిగి ఒకే అధికారం కిందికి వచ్చాయి. అటు తర్వాత పదేళ్లలోపే సిరియా, ఇరాక్, ఈజిప్టులు ముస్లిముల వశమయ్యాయి. 636లో యర్మూక్ వద్ద రోమక సైన్యం ఓడింది. దాదాపు అదే కాలంలో ఖాదిసియా వద్ద ససానీ సైన్యం ఓడింది. 642లో నిహావంద్ యుద్ధంతో ఇరాన్ చక్రవర్తి బలం విరిగిపోయింది.

ఇంత వేగానికి కారణాలు అనేకం. విశ్వాసం ఇచ్చిన ఐక్యతను, ధైర్యాన్ని మొదట చెప్పుకోవాలి. అది లేకుండా ఆ తెగలు ఒక్క పతాకం కిందికి వచ్చేవి కావు. అయితే అది ఒక్కటే కారణం కాదు. రోమక, ససానీ సామ్రాజ్యాలు 602 నుండి 628 వరకు పరస్పరం పోరాడి, ఖజానాలను ఖాళీ చేసుకొని, ప్రజలను పన్నులతో పీల్చివేశాయి. సిరియా, ఈజిప్టు క్రైస్తవులలో అధికసంఖ్యాకులు చక్రవర్తి ఆమోదించిన సిద్ధాంతాన్ని అంగీకరించక వేధింపులకు గురయ్యారు. ఈజిప్టులో కోప్టు క్రైస్తవుల మతాధిపతి బెంజమిన్ రోమక పాలకులకు భయపడి ఏళ్ల తరబడి అజ్ఞాతంలో ఉన్నాడు. అమ్ర్ బిన్ ఆస్ (రజి) అభయమిచ్చిన పిమ్మటే తిరిగివచ్చాడు. యుద్ధంలో లభించే సొత్తు కూడా ఎడారి తెగలకు ఒక ఆకర్షణే. ఈ సంగతిని మన పూర్వ చరిత్రకారులు దాచలేదు. మనమూ దాచనవసరం లేదు.

బలాజురీ గ్రంథంలో గమనించవలసిన విశేషం మరొకటి ఉన్నది. ప్రతి పట్టణం విషయంలోనూ అతడు ఒక ప్రశ్న వేసుకుంటాడు: ఇది 'సుల్హన్' వశమైందా, 'అన్వతన్' వశమైందా? అనగా ఒడంబడికతోనా, బలప్రయోగంతోనా? ఆ పట్టణం చెల్లించవలసిన పన్ను, ప్రజల భూమి హక్కు ఈ ప్రశ్నకు వచ్చే సమాధానంపై ఆధారపడేవి. కనుక ఆనాటి న్యాయవేత్తలకు ఇది పాండిత్య చర్చ కాదు, రైతు పొలానికి సంబంధించిన వ్యవహారం. యర్మూక్ యుద్ధానికి ముందు హిమ్స్ పట్టణాన్ని విడిచి వెనుకకు తగ్గవలసి వచ్చినప్పుడు, ఇక మీకు రక్షణ ఇవ్వలేమంటూ ముస్లిములు వసూలు చేసిన పన్నును ఆ ప్రజలకు తిరిగి ఇచ్చివేశారని బలాజురీ వ్రాశాడు. పన్ను రక్షణకు ప్రతిఫలమన్న భావం ఇందులో స్పష్టంగా ఉన్నది.

హజ్రత్ ఉమర్ (రజి) ఇరాక్ సారవంతమైన భూములను సైనికులకు పంచడానికి నిరాకరించారు. రాబోయే తరాలకు ఏం మిగులుతుందన్నది ఆయన ఆలోచన. భూమి సాగుచేసేవారి చేతిలోనే ఉండిపోయింది. సైనికులకు దీవాన్ ద్వారా జీతాలు ఏర్పడ్డాయి. వారి నివాసానికి బస్రా, కూఫా, ఫుస్తాత్ వంటి కొత్త పట్టణాలు వెలిశాయి. లెక్కలు వ్రాసేవారు పాతవారే. ఉమయ్యద్ ఖలీఫా అబ్దుల్ మలిక్ (685-705) కాలం వరకు పన్నుల దస్త్రాలు గ్రీకు, పారశీక భాషలలోనే సాగాయి.

మరి ధర్మం? అది ఇంత వేగంగా వ్యాపించలేదు. మతం విషయంలో నిర్బంధం లేదని అల్ బఖరా సూరాలోని 256వ వాక్యం స్పష్టం చేసింది. పాలకుల ప్రయోజనం దృష్ట్యా చూసినా ఇదే కనిపిస్తుంది. ఇస్లాం స్వీకరించినవాని జిజ్‌యా తగ్గిపోతుంది గనుక కొందరు అధికారులు కొత్త ముస్లిముల నుండి కూడా దానిని వసూలు చేశారు. ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (717-720) దానిని ఆపవలసి వచ్చింది. ఖజానా చూసుకునేవారికి ప్రజలు ఇస్లాంలోకి రావాలన్న ఆత్రుత లేకపోయిందన్నమాట! వంశావళులలోని పేర్ల మార్పులను లెక్కించిన రిచర్డ్ బులియట్ 1979లో ప్రకటించిన పరిశోధన ప్రకారం, ఇరాన్‌లో ముస్లిములు సగం జనాభా కావడానికి దాదాపు రెండు శతాబ్దాలు పట్టింది. కత్తి పని త్వరగానే ముగిసింది. మిగిలిన పని పొరుగువారు, వర్తకులు, గురువులు తరతరాలుగా చేసినది.

ఇక మన ప్రాంతానికి వద్దాం. తెలంగాణకు వచ్చినది ఖలీఫాల సైన్యం కాదు. ఆ యుద్ధాలు జరిగిన ఆరు వందల ఏళ్ల తర్వాత ఢిల్లీ తురుష్క సుల్తానుల సైన్యం వచ్చింది. అల్లావుద్దీన్ ఖిల్జీ 1303లో ఓరుగల్లుపైకి పంపిన దండు విఫలమైంది. 1309-10లో మాలిక్ కాఫూర్ వచ్చి ఏనుగులు, గుర్రాలు, ధనరాసులు కప్పంగా తీసుకొని, ప్రతాపరుద్రుని సింహాసనంపైనే ఉంచి వెళ్లాడు. మంగోలులను ఎదుర్కొనే పెద్ద సైన్యాన్ని పోషించడానికి ఢిల్లీకి ధనం కావాలి. ఆ దండయాత్ర ఉద్దేశం అదే గాని ధర్మప్రచారం కాదు. 1323లో ఉలుగ్ ఖాన్ ఓరుగల్లును పట్టుకున్నాడు. కోటలోని స్వయంభూ శివాలయం ధ్వంసమైంది. ఇది జరిగిన సంగతి. దీనిని సమర్థించే బాధ్యత మనపై లేదు. కాని బలంతో మాత్రమే సంపాదించిన ఆ అధికారం పదిహేనేళ్లయినా నిలవలేదు.

1347లో దక్కనులో బహమనీ రాజ్యం ఏర్పడింది. అది ఢిల్లీ సుల్తాన్‌పై తిరుగుబాటు నుండి పుట్టినది. ఆ తిరుగుబాటుకు ఓరుగల్లు పాలకుడు కాపయ నాయకుడు తోడ్పడ్డాడు. తర్వాత అదే బహమనీలు అతని నుండి మొదట కౌలాస్‌ను, పిదప గోల్కొండను తీసుకున్నారు. మిత్రత్వమూ శత్రుత్వమూ మతాన్ని బట్టి ఏర్పడలేదనడానికి ఇంతకంటే నిదర్శనం వెతకనక్కరలేదు. 1687లో గోల్కొండ ముస్లిం రాజ్యాన్ని అంతం చేసినది కూడా ముస్లిం చక్రవర్తి ఔరంగజేబే గదా!

బీదరు నుండి గోల్కొండకు పోయే దారిలో పటాన్‌చెరు ఉన్నది. కల్యాణి చాళుక్యుల కాలంనాటి పొట్టలకెరె ఇదేనని చరిత్రకారులు గుర్తించారు. ఇక్కడి నేలలో జైన, శైవ శిల్పాలు బయటపడ్డాయి. కుతుబ్‌షాహీ సుల్తాన్ ఇబ్రాహీం (1550-1580) కాలంలో ఇక్కడ అమీన్‌ఖాన్ అనే సర్దారు ఉండేవాడు. ఆయన సమాధి పటాన్‌చెరులోనే ఉన్నది. మా పటేల్‌గూడ పక్కనున్న అమీన్‌పూర్‌కు ఆయన పేరే వచ్చిందంటారు. అక్కడి పెద్దచెరువు కూడా ఆ కాలంలో త్రవ్వించినదేనని ప్రతీతి. 2016లో ఆ చెరువుకు జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు లభించింది.

ఈ అమీన్‌ఖాన్‌కే పొన్నెగంటి తెలగనార్యుడు తన 'యయాతి చరిత్రము'ను అంకితమిచ్చాడు. సంస్కృత పదాలను విడిచి అచ్చతెనుగులో రచించిన తొలి కావ్యంగా సాహిత్య చరిత్రకారులు దానిని పేర్కొంటారు. ఒక ముస్లిం సర్దారు, ఒక హిందూ కవి, మహాభారత కథ, మేలిమి తెలుగు - ఈ నాలుగూ ఒక్కచోట కలిసినది మనం రోజూ బస్సెక్కే పటాన్‌చెరులోనే.

ఇది ఒక వ్యక్తి ఔదార్యం మాత్రమే అనుకోరాదు. ఇబ్రాహీం రాజు కాకముందు ఏడేళ్లు విజయనగరంలో రామరాయల ఆశ్రయంలో గడిపాడు. అతనికి సింహాసనం దక్కడంలో జగదేవరావు వంటి నాయకవాడీల బలం తోడైంది. గ్రామాల లెక్కలు తెలుగు కరణాల చేతిలో ఉండేవి. కుతుబ్‌షాహీ ఫర్మానాలలో పారశీకంతో పాటు తెలుగు కూడా కనిపిస్తుంది. ఇరాక్‌లో పాత లేఖకులను ఉంచుకున్న రాజనీతికీ దీనికీ పోలిక స్పష్టమే. రాజ్యాన్ని సంపాదించడానికి గుర్రాలు చాలవచ్చును. నిలుపుకోవడానికి అక్కడి మనుషులతో ఒడంబడిక కావాలి. అలాగని అంతా సఖ్యమేనని చెప్పరాదు. 1579లో ఇదే ఇబ్రాహీం సైన్యం అహోబిల క్షేత్రాన్ని దోచుకున్నది. దానికి నాయకత్వం వహించినవాడు మురహరిరావు అనే బ్రాహ్మణ సేనాని. దోపిడికి కారణం ధనాశ. దానికి ఏ మతం రంగు పూసినా అసత్యమే అవుతుంది.

ముస్లిం రాజులు ఈ నేలను శతాబ్దాల పాటు పాలించారు. అయినా 2011 జనగణన ప్రకారం తెలంగాణలో ముస్లిములు సుమారు 12.7 శాతం. ధర్మం కత్తితోనే వ్యాపించేదైతే ఈ లెక్క ఇలా ఉండేది కాదు. ఇక బయటి ముస్లిం సైన్యం ఏదీ వచ్చి జయించని ఇండొనేషియాలో నేడు ముస్లిములే అధికసంఖ్యాకులు. మన తెలుగు దేశంలో దూది ఏకే దూదేకులవారు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, దర్గాల నీడలో, తమ వృత్తి చేసుకుంటూ తరతరాలుగా ముస్లిములుగా జీవించారు. వారి చరిత్ర ఏ ఫుతూహ్ గ్రంథంలోనూ లేదు. మన ధర్మవ్యాప్తి చరిత్ర వ్రాయాలంటే మొదలుపెట్టవలసినది రాజుల విజయాలతో కాదు, ఇటువంటి ఇళ్లతో.

ఆ యువకునికి నేను చివరకు ఇచ్చిన జవాబు ఇది: "రాజుల కత్తికి నీవు వారసుడవు కావు, దోషివీ కావు. వారు చేసిన మేలును మేలనీ, కీడును కీడనీ చెప్పు. నీ ధర్మానికి సాక్ష్యం నీ నడవడి."

ఇక అనువాదం సంగతి. ఫతహ్‌కు ఒకే తెలుగు మాట కోసం వెతకడం మానుకున్నాను. బలాజురీ సుల్హన్ అన్నచోట 'ఒడంబడికతో వశమైనది' అనీ, అన్వతన్ అన్నచోట 'బలప్రయోగంతో వశమైనది' అనీ వ్రాస్తున్నాను. వాక్యం కొంత పొడవవుతుంది. అయితే పదకొండు వందల ఏళ్ల క్రితం ఒక ముస్లిం చరిత్రకారుడు జాగ్రత్తగా గీసిన గీతను మనం చెరిపివేయకుండా ఉంటాము.