ఖమ్ర్ నుంచి ఖల్ వరకు: బాగ్దాదు వంటశాలలో ఒక ధర్మసమస్య

1939లో హైదరాబాదు నుంచి వెలువడుతుండిన 'ఇస్లామిక్ కల్చర్' అనే ఆంగ్ల త్రైమాసిక పత్రిక ఒక అరబీ గ్రంథానికి అనువాదాన్ని ప్రచురించింది. అది తఫ్సీరు కాదు, చరిత్ర కాదు, ఫిఖహ్ అంతకన్నా కాదు. అది వంటల పుస్తకం. బాగ్దాదు వాసి ముహమ్మద్ బిన్ అల్-హసన్ అల్-కాతిబ్ హిజ్రీ 623లో, అనగా క్రీ.శ. 1226లో రచించిన 'కితాబుత్ తబీఖ్'. ఇస్తాంబుల్‌లో భద్రపరచిన వ్రాతప్రతి ఆధారంగా దావూద్ చలబీ 1934లో మోసుల్‌లో దానిని అచ్చువేయించగా, ఆంగ్ల పండితుడు ఎ. జె. ఆర్‌బెర్రీ దానిని అనువదించాడు. మంగోలులు బాగ్దాదును ధ్వంసం చేయడానికి ముప్పది రెండేండ్ల ముందు ఆ నగరవాసులు ఏమి వండుకొని తిన్నారో ఈ చిన్న గ్రంథం తెలియజేస్తుంది.

మానవుని సుఖాలు ఆరు విధాలని, వాటిలో ఆహారమే శ్రేష్ఠమని గ్రంథకర్త తొలుతనే నిర్ణయించాడు. మొదటి అధ్యాయం పుల్లని వంటకాలకు కేటాయించాడు. వాటిలో మొట్టమొదటిది 'సిక్బాజ్'. ఈ సిక్బాజ్‌లో పడే ఒక వస్తువు పేరు పాఠకుణ్ణి ఆపుతుంది. ఆ వస్తువు 'ఖల్ ఖమ్ర్', అనగా ద్రాక్షమద్యం నుంచి తయారైన సిర్కా. మద్యం హరాం అయిన సమాజంలో, ముస్లిం రచయిత వ్రాసిన పుస్తకంలో, మొదటి వంటకంలోనే ఖమ్ర్ అనే మాట ఎలా వచ్చింది? ఇది చిన్న ప్రశ్నలా కనిపించినా, దీని వెనుక ఫిఖహ్ చరిత్రలోని ఒక ముఖ్యమైన వాదం ఉన్నది.

ముందుగా వంటకం సంగతి. క్రొవ్వుగల మాంసాన్ని ముక్కలుగా కోసి, నీళ్ళు, కొత్తిమీర, దాల్చినచెక్క, ఉప్పు వేసి ఉడికిస్తారు. పైకి తేలిన నురుగు తీసివేసి ధనియాలు వేస్తారు. తరువాత తెల్ల ఉల్లిగడ్డలు, కారెట్లు, అవి దొరకని కాలంలో వంకాయలు చేరుస్తారు. మాంసం ఉడకవచ్చినప్పుడు సిర్కాను, ఖర్జూరపు పాకాన్ని కలిపి, పులుపూ తీపీ సమంగా ఉండేటట్లు చూసుకొని కుండలో పోస్తారు. చివర కుంకుమపువ్వు, బాదం పప్పులు, ఎండుద్రాక్ష, అంజూరపండ్లు వేసి, పన్నీరు చల్లి, సన్నని సెగపై కొంతసేపు ఉంచుతారు. పులుపును బెల్లంతో సరిచేసే పులుసు తెలుగువారికి కొత్త కాదు గనుక, ఈ వంట తీరు మన పాఠకులకు సులభంగానే బోధపడుతుంది.

'సిక్బాజ్' పారశీక పదం. 'సిక్' అంటే సిర్కా, 'బా' అంటే పులుసువంటి వంటకం. ఇది సాసానీ చక్రవర్తి ఖుస్రో అనూషిర్వాన్‌కు ప్రియమైన వంటకమని ప్రతీతి. ఎవరికి వారుగా తమ శ్రేష్ఠమైన వంటకాన్ని చేసి తెమ్మని ఆయన వంటవారిని ఆదేశించగా, అందరూ సిక్బాజ్‌నే తెచ్చారని ఒక కథ చెప్పుకొనేవారు. కథ నిజమైనా కాకపోయినా, అరబ్బులు ఇరాన్‌ను జయించిన పిదప సిర్కా వంటల సంప్రదాయం వారి చేతికి వచ్చిందన్నది మాత్రం స్పష్టం.

వారికి మరొక సంప్రదాయం కూడా ఎదురైంది. సిరియా, ఈజిప్టులు శతాబ్దాలపాటు రోమనుల ఏలుబడిలో ఉన్న ద్రాక్షసీమలు. అపీకియస్ పేరిట నిలిచిన లాటిన్ వంటల గ్రంథంలో మాంసానికి, చేపలకు ద్రాక్షమద్యం, కాచి చిక్కబరచిన ద్రాక్షరసం విరివిగా వాడతారు. ఐరోపాలో ఆ అలవాటు నేటికీ కొనసాగుతున్నది. మద్యంలో మాంసాన్ని ఉడికించే ఫ్రెంచి వంటకాలు అందరికీ తెలిసినవే. ఒకే ద్రాక్షపండు నుంచి రెండు దారులు ఏర్పడ్డాయన్నమాట. ఐరోపా వంటశాలలో మద్యమూ సిర్కా రెండూ నిలిచాయి. బాగ్దాదు పుస్తకంలో పులుపునిచ్చే పని సిర్కా, పచ్చి ద్రాక్షల రసం, దానిమ్మరసం, సుమాక్, నిమ్మరసం పంచుకొన్నాయి.

అయితే బాగ్దాదులో ఎవరూ మద్యం తాగలేదని దీని అర్థం కాదు. పదవ శతాబ్దంలో ఇబ్న్ సయ్యార్ అల్-వర్రాఖ్ సంకలనం చేసిన మరొక 'కితాబుత్ తబీఖ్'లో మద్యం గురించి, పానగోష్ఠిలో పాటించవలసిన మర్యాదల గురించి కూడా అధ్యాయాలున్నాయి. రాజాస్థానాలలో నిషేధాన్ని ఉల్లంఘించినవారు ఉన్నారు. చరిత్రకారుడు దానిని దాచిపెట్టనక్కరలేదు. అదే సమయంలో, కొందరు విలాసపురుషుల నడవడిని సమాజమంతటికీ ఆపాదించనూ కూడదు. సామాన్య గృహస్థు కుండలో ఏమి పోయవచ్చునో తేల్చినవారు ఆస్థాన కవులు కారు, ధర్మవేత్తలు.

దివ్య ఖుర్ఆన్‌లో మద్యనిషేధం అంచెలంచెలుగా వచ్చింది. బఖరా సూరా 219వ ఆయతు, నిసా సూరా 43వ ఆయతు తరువాత, మాయిదా సూరా 90వ ఆయతుతో నిషేధం సంపూర్ణమైంది. సిర్కా విషయం వేరు. దైవప్రవక్త (స) ఇంటిలో నంజుకొనడానికి సిర్కా తప్ప మరేమీ లేదని చెప్పగా, ఆయన దానినే తెప్పించుకొని తింటూ మెచ్చుకొన్నారని హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉన్నది. మద్యం హరాం, సిర్కా హలాల్. ఇంతవరకు భేదాభిప్రాయం లేదు.

చిక్కు రెంటి నడుమ ఉన్నది. ద్రాక్షరసం పులిసి మద్యమై, ఆ మద్యమే మరింత పులిసి సిర్కా అవుతుంది. తనంతట తాను సిర్కాగా మారిన మద్యం శుద్ధమేనని నాలుగు మజ్‌హబ్‌ల వారూ అంగీకరించారు. మరి మనిషి పూనుకొని మార్చితే? మద్యాన్ని సిర్కాగా చేయవచ్చునా అని అడుగగా ప్రవక్త (స) కూడదన్నారని హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించారు. అనాథలకు వారసత్వంగా వచ్చిన మద్యం గురించి అబూ తల్హా (రజి) అడిగినప్పుడు కూడా పారబోయమనే ఆదేశం లభించింది. అనాథల ఆస్తిని కాపాడడం ఎంతటి విధియో తెలిసినదే. అయినా సిర్కాగా మార్చడానికి అనుమతి రాలేదు గనుక అది నిషిద్ధమేనని షాఫయీ, హంబలీ పండితులు వాదించారు. ఉప్పో రొట్టో వేసి మార్చితే, ఆ వేసిన వస్తువే మద్యం తగిలి అశుద్ధమై, తిరిగి సిర్కాను అశుద్ధం చేస్తుందన్నది షాఫయీల తర్కం. ఎండ నుంచి నీడకు జరిపినంత మాత్రాన దోషం లేదని వారిలో బలమైన అభిప్రాయం. మాలికీల ప్రసిద్ధ అభిప్రాయం ప్రకారం అలా మార్చడం అవాంఛనీయం, మార్చిన పిదప మాత్రం అది తినదగినదే.

ఇమామ్ అబూ హనీఫా అనుయాయులు మరొక మార్గం చూపారు. పారబోయుమన్న ఆదేశం నిషేధం కొత్తగా వచ్చిన రోజులలో, ప్రజల మనసులను మద్యం నుంచి తెంచడానికి ఇచ్చినదని వారి వివరణ. మద్యం నిలువచేసే పాత్రలను సైతం మొదట నిషేధించి, తరువాత అనుమతించారు కదా అన్నారు. చచ్చిన జంతువు తోలు పదును చేస్తే శుద్ధమైనట్లే, చెడు గుణం పోయి మంచి గుణం వచ్చిన వస్తువు కూడా శుద్ధమేనన్నారు. ఈ స్వభావ పరివర్తననే ఫిఖహ్ పరిభాషలో 'ఇస్తిహాలా' అంటారు.

బాగ్దాదు వంటల పుస్తకం వెలువడిన ఎనిమిదేండ్లకు, 1234లో, అదే నగరంలో ముస్తన్‌సిరియా మద్రసా ప్రారంభమైంది. అందులో నాలుగు మజ్‌హబ్‌ల ఫిఖహ్‌నూ ఒకే కప్పు క్రింద బోధించేవారు. సిక్బాజ్‌లోని ఒక గరిటెడు సిర్కా వెనుక ఇంతటి చర్చ ఉన్నదని గ్రంథకర్త చెప్పలేదు, చెప్పనవసరమూ లేకపోయింది. 'ఖల్ ఖమ్ర్' అన్న మాటలో మద్యం పేరు మిగిలింది, మద్యం మిగలలేదు.

అసలు మద్యంతోనే వండితే ఏమి? ఈ ప్రశ్నను కూడా పూర్వికులు విడువలేదు. ఉడుకుతున్న మాంసంలో మద్యం పడితే ఆ మాంసం ఇక శుద్ధి కాదని కొందరు హనఫీ పండితులు తీర్పు చెప్పారు. మూడుసార్లు శుభ్రమైన నీటిలో ఉడికించి, ప్రతిసారి చల్లార్చితే శుద్ధి అవుతుందని మరొక అభిప్రాయం. గమనించవలసిన దేమంటే, నిప్పు మీద కాగింది గనుక మద్యం ఎగిరిపోయిందని, కాబట్టి దోషం లేదని ఎవరూ సరిపెట్టుకొనలేదు.

నేడు తరచుగా వినిపించే వాదం సరిగ్గా అదే. విదేశాలలో భోజనశాలలలో పనిచేసే మన యువకులు ఈ మాట వింటూనే ఉంటారు. ఆధునిక పరిశోధన దీనిని సమర్థించదు. 1992లో అమెరికాలో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరు వంటకాలను పరీక్షించగా, వండే తీరును బట్టి పోసిన ఆల్కహాలులో 4 నుంచి 85 శాతం వరకు మిగిలే ఉన్నట్లు తేలింది. సిర్కాలోనూ లేశమాత్రం ఆల్కహాలు ఉండవచ్చునని ఎవరైనా ఎదురు ప్రశ్న వేయవచ్చు. దానికి సమాధానం పై చర్చలోనే ఉన్నది. ధర్మవేత్తలు చూసినది ఎంత ఆవిరైందన్న లెక్క కాదు. వస్తువు తన పేరును, రుచిని, మత్తు కలిగించే గుణాన్ని విడిచి మరొక వస్తువు అయినదా లేదా అన్నది. కుండలో కాగిన మద్యం తరిగిన మద్యమే. సిర్కా వేరే పదార్థం.

మద్యనిషేధం ముస్లింల వంటను పేదది చేసిందని భావించేవారు సిక్బాజ్ చరిత్రను చూడవచ్చు. ఆ వంటకం అండలుస్ చేరి, స్పెయిన్ భాషలో 'ఎస్కబేచే' అనే పేరుతో, సిర్కాలో ఊరవేసిన చేపల వంటకంగా నేటికీ నిలిచి ఉన్నది. ముస్లిం రాజ్యం 1492లో అక్కడ అంతరించింది. ఆ మాట, ఆ పులుపు మాత్రం స్పెయిన్ వంటశాలలలో మిగిలిపోయాయి.