మింగేసిన అచ్చులు: లిస్బన్ సీరియళ్లతో పోర్చుగీసు నేర్చుకోవడం

పుస్తకం ముందేసుకుని పోర్చుగీసు నేర్చుకున్నవారు మొదటిసారి లిస్బన్ సీరియల్ పెట్టుకున్నప్పుడు తడబడేది పదాలు తెలియక కాదు, అచ్చులు వినపడక. 'తెలెఫోనె' రాతలో నాలుగు అచ్చుల మాట. లిస్బన్ నోట్లో అది దాదాపు 'త్ల్‌ఫోన్'. నాలుగింటిలో గట్టిగా మిగిలేది ఒక్కటే. 'చిన్న' అనే అర్థంలో వాడే 'పెకెనో' అక్కడ 'ప్కేను'. ఊనిక పడని అచ్చును పోర్చుగల్ వారు నమలకుండా మింగేస్తారు. మాటను అచ్చుతో ముగించడం అలవాటైన అజంత భాష మనది. మన చెవికి ఈ హల్లుల గుంపు కొరుకుడు పడదు. బ్రెజిల్ పోర్చుగీసు ఈ విషయంలో మనకు చుట్టం. అక్కడ 'దియా' (రోజు) 'జియా'గా మారుతుందే గాని అచ్చు చెక్కుచెదరదు.

సీరియళ్లు పదజాలం కన్నా ముందు చెవికి శిక్షణ ఇస్తాయనీ, ఆ వెంటనే ఎవరిని ఏమని పిలవాలో నేర్పుతాయనీ ఈ వ్యాసం వాదన. ఈ రెండూ వ్యాకరణ పుస్తకం చేతిలో లేని పనులు. అయితే ఏ సీరియల్ చూస్తున్నాం, తెర అడుగున ఏ భాష అక్షరాలు పెట్టుకుంటున్నాం అన్నదాన్ని బట్టి ఫలితం తారుమారవుతుంది.

టీవీ చూసి మరో పోర్చుగీసు నేర్చుకోవడం పోర్చుగల్ వారికీ కొత్త కాదు. ప్రభుత్వరంగ సంస్థ ఆర్‌టీపీ క్రమం తప్పని ప్రసారాలు మొదలుపెట్టింది 1957 మార్చిలో. 1977 మేలో అది బ్రెజిల్ నుంచి 'గాబ్రియేలా' తెచ్చింది. జార్జ్ అమాదూ నవల ఆధారంగా తీసిన ఈ ధారావాహికలో సోనియా బ్రాగా నాయిక. నియంతృత్వం కూలి మూడేళ్లే అయిన దేశంలో ఇంటింటా బ్రెజిల్ యాస వినపడింది. పోర్చుగల్ సొంత టెలినవల (టీవీ ధారావాహిక) 'విలా ఫాయా' వచ్చేసరికి 1982. 1992, 1993లలో ప్రైవేటు చానళ్లు వచ్చాక పోర్చుగల్ సీరియళ్లు పుంజుకున్నాయి. 'మెవ్ అమోర్' 2010లో, 'లాసోస్ దె సాంగె' (రక్తబంధాలు) 2011లో అంతర్జాతీయ ఎమ్మీ అందుకున్నాయి. ఇక్కడ ఒక వింత ఉంది. బ్రెజిల్ సీరియల్‌ను పోర్చుగల్ వారు ఉన్నదున్నట్టు చూస్తారు. పోర్చుగల్ సీరియల్‌ను మాత్రం బ్రెజిల్‌లో డబ్బింగ్ చేసి వేసిన సందర్భాలున్నాయి. భాష ఒకటే. మింగేసిన అచ్చులే అడ్డం.

ఈ అడ్డం దాటించేది సరైన ఉపశీర్షిక. 2009లో హోల్గర్ మిటరర్, జేమ్స్ మెక్వీన్ ప్రచురించిన ప్రయోగం దీనికి దగ్గరిది. డచ్ మాతృభాషగా గలవారికి స్కాట్లాండ్, ఆస్ట్రేలియా యాసల ఇంగ్లిష్ వీడియోలు చూపించారు. ఇంగ్లిష్ ఉపశీర్షికలతో చూసినవారి చెవి కొత్త యాసకు అలవాటుపడింది. డచ్ ఉపశీర్షికలు కథ అర్థం చేసుకోవడానికి పనికొచ్చినా, యాసను పట్టుకోవడానికి అడ్డుపడ్డాయి. మన విద్యార్థులు చేసేది సరిగ్గా ఈ రెండో పనే. పోర్చుగీసు సీరియల్ పెట్టి, ఇంగ్లిష్ ఉపశీర్షికలు చదువుకుంటారు. నేనూ అదే చేశాను. 'గ్లోరియా' అనే పోర్చుగల్ సీరియల్ పది ఎపిసోడ్లూ అలాగే పూర్తిచేశాను. కథ పూసగుచ్చినట్టు చెప్పగలను. ఒక్క పోర్చుగీసు వాక్యం గుర్తులేదు.

ఇంగ్లిష్ ఉపశీర్షికలతో ఇంకో నష్టం ఉంది, అది సంస్కృతికి సంబంధించింది. పోర్చుగల్‌లో ఎదుటి మనిషిని పిలవడానికి మెట్లు మెట్లుగా పద్ధతులున్నాయి. చనువున్న చోట 'తు'. దూరం పాటించాల్సిన చోట 'ఉ సెఞోర్', 'అ సెఞోర'. నడిమధ్యన ఉన్న 'వొసే' బ్రెజిల్‌లో చాలా ప్రాంతాల్లో మామూలు మాట. పోర్చుగల్‌లో మనిషిని బట్టి మొరటుగా తగులుతుంది. అందుకే చాలామంది సర్వనామాన్నే ఎగరగొట్టి క్రియతో సరిపెడతారు. లేదా ఎదుటివారి పేరునే కర్తగా వాడతారు. 'ఉ జువాఁవ్ కేర్ కఫే?' అంటే పదానికి పదం పెడితే 'జువాఁవ్‌కి కాఫీ కావాలా?' అడుగుతున్నది ఎదురుగా కూర్చున్న జువాఁవ్‌నే. పాతకాలపు పెద్దింటి పద్ధతిలో పిల్లలు తండ్రితో కూడా 'నాన్న వస్తున్నారా?' అన్నట్టు ప్రథమ పురుషలోనే మాట్లాడేవారు.

ఇంగ్లిష్ చదువరికి ఇది విడ్డూరం. మనకు విడ్డూరం కాదు. 'మాస్టారు కాఫీ తీసుకుంటారా?' అని మాస్టారి మొహం చూస్తూనే అడుగుతాం. 'తమరు', 'మీరు', 'నువ్వు', 'ఒరేయ్'ల మధ్య రోజంతా తిరిగే మనకు ఆ మెట్లు ఎక్కడం దిగడం వెన్నతో పెట్టిన విద్య. ఒక పాత్ర 'ఉ సెఞోర్' నుంచి 'తు'కు దిగిందంటే ప్రేమ మొదలైందో, కొట్లాట మొదలైందో, మర్యాద తెగిందో. ఇంగ్లిష్ ఉపశీర్షిక అన్నిటికీ ఒకే 'యు' వేసి ఆ మలుపును చదును చేస్తుంది. తెలుగు విద్యార్థికి పుట్టుకతో వచ్చిన ఈ సౌలభ్యాన్ని ఇంగ్లిష్ మీదుగా వెళ్లి చేజార్చుకోవడం నా దృష్టిలో శుద్ధ దండగ.

పిలుపుల్లాగే పుస్తకంలో దొరకని మరో సంగతి, ఫోన్ ఎత్తే తీరు చూడండి. 'హలో' బదులు 'ష్తో?' అంటారు. 'ఎష్తో' అనే క్రియ అది, 'ఉన్నాను' అని అర్థం. పెట్టేసేటప్పుడు దగ్గరివారైతే 'బైజీఞుష్', అంటే చిన్న చిన్న ముద్దులు. మధ్యలో 'పోయ్ష్' అని ఊఁ కొట్టడం. స్నేహితుల మధ్య ప్రతి రెండో వాక్యానికి 'పా' తగిలించడం. 'రపాష్' (కుర్రాడు) అరిగి 'పా' అయింది, మన 'ఒరేయ్'కి దగ్గరి బంధువు. వీటికి నిఘంటువులో అర్థాలున్నా, ఎక్కడ సాగదీయాలో, ఎక్కడ తుంచాలో తెరమీదే తెలుస్తుంది.

మరి ఏ సీరియల్? మైకేల్ రాడ్జర్స్, స్టువర్ట్ వెబ్ 2011లో చూపిన దాని ప్రకారం, ఒకే సీరియల్ ఎపిసోడ్లలో అవే పదాలు మళ్లీ మళ్లీ తగులుతాయి. సంబంధం లేని కార్యక్రమాలు కలిపి చూస్తే కొత్త పదాలు గుట్టలా పడతాయి. అందుకే పొడుగాటి కుటుంబ కథ మేలు. 2007లో ఆర్‌టీపీలో మొదలైన 'కోంతా-మె కోమో ఫోయ్' (ఎలా ఉండేదో చెప్పు) నా ఎంపిక. 1968 నాటి లిస్బన్‌లో ఓ మధ్యతరగతి ఇల్లు. మిగెల్ గిల్యెర్మ్, రీటా బ్లాంకు తల్లిదండ్రులు. నియంత సాలజార్ పదవి పోయి కయ్తానో గద్దెనెక్కిన ఏడాది అది. పోర్చుగల్ వలస రాజ్యాల్లో యుద్ధం నడుస్తోంది. గోవా చేజారి అప్పటికి ఏడేళ్లు. అన్నం బల్ల దగ్గర తక్కువ గొంతుతో మాట్లాడుకోవడం ఒక రాజకీయ వ్యవస్థ ఆనవాలు. ఒక్కటి మరవకూడదు: ఇది స్పెయిన్ సీరియల్‌కు అనుసరణ. పోర్చుగల్ జ్ఞాపకమని మనం చూసేదానికి వాసాలు పొరుగింటివి.

నెట్‌ఫ్లిక్స్‌లో 2021లో వచ్చిన 'గ్లోరియా' నాణ్యతలో దీనికి తీసిపోదు. రిబాతేజు ప్రాంతంలో రేడియో ఫ్రీ యూరప్ ప్రసారాలు మోసిన రారెట్ కేంద్రం చుట్టూ అల్లిన గూఢచారి కథ. కానీ ఇంగ్లిష్, రష్యన్ మాటలు తరచూ అడ్డొస్తాయి, పైగా గూఢచారులు తక్కువ మాట్లాడతారు. 2023 నాటి 'రాబో దె పైషె' అజోర్స్ దీవుల్లోని అదే పేరున్న ఊరి కథ. 2001లో ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొకైన్ చుట్టూ తిరుగుతుంది. ఆ ఊరున్న సావ్ మిగెల్ దీవి యాస ఎంత వేరంటే, అక్కడివారు మాట్లాడితే పోర్చుగల్ టీవీలోనే కింద ఉపశీర్షికలు వేయడం కద్దు. సీరియల్‌లో ముఖ్యపాత్రల నోట ఆ యాస పెద్దగా వినపడదు. దీవిని చూడటానికి చూడండి, దీవి భాష కోసం కాదు.

ఎంచుకున్న సీరియల్‌లో మూడు నిమిషాల సన్నివేశం తీసుకోండి. మొదట అక్షరాలు లేకుండా, తర్వాత పోర్చుగీసు ఉపశీర్షికతో, మళ్లీ అక్షరాలు లేకుండా చూడండి. వినపడినదాన్ని తెలుగు లిపిలోనే రాసుకోండి. లిస్బన్ గుంపు హల్లులకు మన ఒత్తులు భేషుగ్గా సరిపోతాయి. స్నానాలగది సన్నివేశం వస్తే 'తువాల్య' అన్న మాట కోసం చెవి ఒగ్గండి. నాలుగైదు వందల ఏళ్ల కిందట పోర్చుగీసు ఓడలవారితో వచ్చి మన దండెం మీద ఆరుతున్న తువ్వాలు అదే.