ముప్ఫైమూడవ యేట నర్సు విద్య

రోగికి పరిచర్య చేయడానికి చదువెందుకు? జాలి, ఓర్పు ఉంటే చాలదా? పందొమ్మిదవ శతాబ్దం మధ్యభాగం వరకు అనేక దేశాలలో ప్రజల అభిప్రాయం ఇంచుమించు ఇదే. ఇంట్లో అయితే అది తల్లి చేసే పని; ఆసుపత్రిలో అయితే కూలికి కుదిరిన స్త్రీలు చేసే పని. ఈ అభిప్రాయం ఎట్లా మారిందో గ్రహించడానికి మేరీ ఎలైజా మహోనీ జీవితం చక్కని ఉదాహరణ.

మహోనీ 1845లో అమెరికాలోని బోస్టన్ నగరంలో జన్మించింది. నల్లజాతికి చెందిన ఆమె తల్లిదండ్రులు ఉత్తర కరోలినాలో బానిసత్వం నుండి విముక్తి పొందినవారు. బోస్టన్‌లో 1862లో డాక్టరు మారీ జక్షెవ్‌స్కా స్త్రీలకూ పిల్లలకూ ఒక ఆసుపత్రి స్థాపించింది. అందులో వైద్యులు కూడ స్త్రీలే. మహోనీ ఆ ఆసుపత్రిలో సుమారు 15 సంవత్సరాలు వంట చేసింది, బట్టలుతికింది, నేల తుడిచింది.

సరిగ్గా ఆ కాలంలోనే వైద్యశాస్త్రం కొత్తదారి పట్టింది. అంతకుముందు రోగి ఉష్ణోగ్రత కొలిచే థర్మామీటరు దాదాపు అడుగు పొడవుండేది. ఒక్కసారి కొలవడానికి 20 నిమిషాలు పట్టేది. ఇంగ్లండులో ఆల్బట్ అనే వైద్యుడు 1866 ప్రాంతంలో ఆరంగుళాల థర్మామీటరు తయారుచేయించాడు. దానితో 5 నిమిషాలలో పని ముగిసేది. 1867లో లిస్టర్ కార్బాలిక్ ఆమ్లంతో గాయాలు చీము పట్టకుండా కాపాడే పద్ధతిని ప్రకటించాడు. జ్వరం తనంతట తానొక వ్యాధి కాదనీ, వ్యాధి లక్షణమనీ, దాని హెచ్చుతగ్గులను క్రమంగా గుర్తించాలనీ 1868లో జర్మనీలో ఊండర్లిష్ చాటాడు.

దీని ఫలితమేమి? వైద్యుడు రోజుకు ఒకటి రెండు సార్లు వచ్చి చూసి పోతాడు. కాని ఉష్ణోగ్రత, నాడి పలుమార్లు పరీక్షించి వ్రాసి ఉంచాలంటే రోగి మంచం ప్రక్కన శిక్షణ పొందిన మనిషి ఉండితీరాలి. కేవలం దయ ఉన్నంతమాత్రాన థర్మామీటరు చదవడం రాదు. లండనులో 1860లో ఫ్లారెన్సు నైటింగేల్ పేర నర్సు పాఠశాల ఆరంభమయింది. బోస్టన్ ఆసుపత్రి 1872లో తన పాఠశాలను తెరిచింది.

1878 మార్చిలో మహోనీ ఆ పాఠశాలలో చేరింది. అభ్యర్థుల వయస్సు 21, 31 సంవత్సరాల మధ్య ఉండాలని నియమం. ఆమెకప్పుడు ముప్ఫైమూడవ యేడు నడుస్తున్నది. ఎన్నో ఏళ్లుగా ఆమె పనితనం ఎరిగినవారు కనుకనే అధికారులు నియమం సడలించి ఉంటారని ఊహించవచ్చు. శిక్షణ 16 నెలలు. పగలూ రాత్రీ కలిపి రోజుకు 16 గంటల పని. దానితోపాటు వైద్యుల ఉపన్యాసాలు. ఆ సంవత్సరం చేరిన 42 మందిలో చివరివరకు నిలిచినవారు నలుగురే. వారిలో మహోనీ ఒకతె. 1879 ఆగస్టు 1న పట్టా పొంది, అమెరికాలో శిక్షణ పొందిన తొలి నల్లజాతి నర్సుగా ఆమె పేరు గడించింది.

ఆ తరువాత కూడ దారి సుగమం కాలేదు. చాలా పాఠశాలలు నల్లజాతి విద్యార్థినులను చేర్చుకొనేవి కావు. మహోనీ అనేక సంవత్సరాలు ఇళ్లకు వెళ్లి రోగులను చూసింది. 1908లో నల్లజాతి నర్సులు జాతీయ సంఘం స్థాపించుకున్నారు. 1909లో బోస్టన్‌లో జరిగిన మొదటి మహాసభలో స్వాగతోపన్యాసం ఇచ్చినది మహోనీయే. ఆమె 1926లో మరణించింది. ఆ సంఘం 1951లో అమెరికన్ నర్సుల సంఘంలో కలిసిపోయింది.

మహోనీకి ఆ ఆసుపత్రి గదులు కొత్తవి కావు. వాటిని శుభ్రం చేయడంలో ఆమెకు ఎంతో అనుభవముంది. శుభ్రతకూ గాయం మానడానికీ సంబంధమేమిటో, పెరిగిన ఉష్ణోగ్రత దేనికి సూచనో తెలియజేయడం శాస్త్రం పని. ఆ చదువు కోసమే ఆమె, ఆసుపత్రి పనులన్నీ ఎరిగి ఉండికూడ, తనకన్న చిన్నవారితో కలిసి కొత్త విద్యార్థినిగా కూర్చున్నది. వయస్సు మించిందని చదువుకు వెనుకాడేవారికి ఉపాధ్యాయులు ఈ చరిత్ర చెప్పవచ్చు.