మాత్రా, అయోడినా, ఆపరేషనా?

మా ఆడపడుచు ఏడాదిన్నర కార్బిమజోల్ మాత్రలు వేసుకుంది. మానిన మూడు నెలలకే మళ్ళీ గుండెదడ, చేతుల వణుకు. ఈసారి రేడియో అయోడిన్ తీసుకుంటారో, ఆపరేషన్ చేయించుకుంటారో తేల్చుకోమన్నారు డాక్టరుగారు. "బాంబుల్లో వేసేదాన్ని ఒంట్లో వేస్తారుటే అమ్మాయ్!" అని మా అత్తగారు కూలబడిపోయారు. నాకూ భయం వేసింది. అసలు ఇవన్నీ ఎక్కణ్ణుంచి వచ్చాయో చూద్దామని చదవడం మొదలుపెట్టాను.

1835లో డబ్లిన్‌లో రాబర్ట్ గ్రేవ్స్ అనే డాక్టరు, విపరీతమైన గుండెదడతో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళకీ మెడ దగ్గర వాపు ఉండటం గమనించాడు. అందుకే దీనికి గ్రేవ్స్ జబ్బని పేరు. కానీ మందు లేదు.

ముందు వచ్చింది కత్తే. స్విట్జర్లాండ్‌లో థియోడర్ కోకర్ మెడ గడ్డల ఆపరేషన్‌లో ఆరితేరినవాడు. థైరాయిడ్ మొత్తం తీసేసిన కొందరిని కొన్నేళ్ళకి పిలిచి చూస్తే ఒళ్ళు ఉబ్బి, మందకొడిగా అయిపోయి ఉన్నారు. తన పొరపాటుని 1883లో ఆయనే బయటపెట్టాడు. 1909లో నోబెల్ వచ్చింది. నాకైతే బహుమతి కంటే ఆ ఒప్పుకోలే పెద్దదనిపించింది.

మిగిలిన రెండూ బోస్టన్‌వే. 1936లో ఒక ఉపన్యాసం అయ్యాక సాల్ హెర్ట్జ్ అనే కుర్ర డాక్టరు, అయోడిన్‌ని రేడియో యాక్టివ్‌గా చెయ్యొచ్చా అని అడిగాడు. ఒంట్లో అయోడిన్‌ని లాక్కుని దాచుకునేది ముఖ్యంగా థైరాయిడే కదా, మందు తనంతట తానే అక్కడికి చేరుతుందని ఆయన ఆలోచన. ముందు కుందేళ్ళ మీద చూశారు. 1941లో మొదటి డోసు తీసుకున్నది కూడా ఒక ఆడమనిషే. అంటే హిరోషిమా బాంబుకి నాలుగేళ్ళ ముందే! ఈ మాట చెప్పాక మా అత్తగారు కాస్త తేరుకున్నారు. హెర్ట్జ్ పాపం యుద్ధంలో నేవీకి వెళ్ళిపోయాడు, 45 ఏళ్ళకే పోయాడు. 1943లో ఆస్ట్‌వుడ్ మాత్రల దారి తెరిచాడు. మన కార్బిమజోల్ ఆ వంశంలోదే. అది వాడేవాళ్ళకి జ్వరం, గొంతునొప్పి వస్తే తెల్లకణాలు పడిపోయాయేమో వెంటనే చూపించుకోవాలి, ఊరుకోకూడదు.

అయోడిన్ తర్వాత చాలామందికి థైరాయిడ్ మందగిస్తుంది, జీవితాంతం థైరాక్సిన్ వేసుకోవాలి. గర్భిణులకీ పాలిచ్చే తల్లులకీ అది పనికిరాదు. కళ్ళు ఉబ్బినవాళ్ళకి ఆ ఇబ్బంది పెరగొచ్చు. ఆపరేషన్‌లో గొంతు నరం, కాల్షియం గ్రంథులు జాగ్రత్తగా చూసుకోవాలి.

మా అమ్మాయి అయోడిన్‌కే మొగ్గింది. చిక్కల్లా ఒకటే, కొన్నాళ్ళు పిల్లాడికి దూరంగా పడుకోవాలట. మూడేళ్ళవాడు, అమ్మ చెయ్యి లేనిదే నిద్రపోడు. వచ్చే నెల డోసు. ఈ రాత్రి నుంచే నా పక్కన పడుకోబెట్టి అలవాటు చేస్తున్నాను.