ఒంటరి తల్లి: జనగణన మాటలకు వ్యాఖ్యానం

జనగణన పత్రంలో ఒంటరి తల్లికి ప్రత్యేకంగా గడి లేదు. పెళ్లికానివారు, వివాహితులు, వితంతువులు, విడిగా ఉంటున్నవారు, విడాకులు పొందినవారు అన్న మాటల్లోనే ఆమెను వెతుక్కోవాలి. ఈ మాటల్లో ఒక్కోటి ఒక్కో ప్రాంతంలో బరువెక్కుతుంది. కారణం తెలిస్తే ఆ తల్లికి ఏం కావాలో తెలుస్తుంది.

ఒంటరి తల్లి: పిల్లల్ని తానొక్కతే సాకుతున్న స్త్రీ. ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2019 నివేదిక ప్రకారం భారతీయ కుటుంబాల్లో 4.5 శాతం, అంటే దాదాపు 1.3 కోట్ల ఇళ్లు, ఇలాంటి తల్లులవే. మరో 3.2 కోట్ల మంది పుట్టింట్లోనో అత్తింట్లోనో ఇతర బంధువుల దగ్గరో ఉంటున్నారు. అంటే ఎక్కువమంది నలుగురి మధ్యే ఉన్నారు. పిల్లల భారం మాత్రం ఒక్కరిదే. విడిగా కాపురం ఉన్న ఒంటరి తల్లుల ఇళ్లలో పేదరికం 38 శాతం. తల్లీతండ్రీ ఉన్న ఇళ్లలో 22.6.

వితంతువు: 2011 లెక్కల్లో 4.3 కోట్ల మంది. జనాభాలో వీరి వాటా కేరళ, తమిళనాడుల్లో ఎక్కువ. అక్కడ స్త్రీల ఆయుర్దాయం ఎక్కువ, భర్తలు వయసులో పెద్దవారు. భర్త పోయేసరికి చాలామందికి పిల్లలు చేతికి అందివస్తారు. చంటిపిల్లలతో మిగిలినవారిని చూడాలంటే మగవాళ్లు నడివయసులోనే పోయే చోట్లకు వెళ్లాలి. రాజస్థాన్ రాతి గనుల్లో సిలికోసిస్, శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీ వ్యాధి, విదర్భలోనూ తెలంగాణలోనూ పత్తి రైతుల ఆత్మహత్యలు. కేంద్ర వితంతు పింఛను 40 ఏళ్లు నిండితే గాని రాదు. పసిపిల్లల తల్లికి సాయం అవసరమయ్యేది అంతకు ముందే. రెండు తెలుగు రాష్ట్రాల్లో 18 ఏళ్ల నుంచే అర్హత ఇవ్వడం అందుకే సరైన పని.

విడాకులు పొందినవారు: మిజోరంలో విడాకుల రేటు నాలుగు శాతం దాటింది. ఈశాన్యంలోనే ఉన్న మేఘాలయలోనూ భర్త లేకుండా ఇల్లు నడిపే ఆడవాళ్లు ఎక్కువే. అంకెలు ఒకే వైపు చూపినా ఆసరాలు వేరు. మేఘాలయ ఖాసీలలో పిల్లలది తల్లి వంశం, ఇల్లు చిన్న కూతురికి దక్కుతుంది. భర్త వెళ్లిపోయినా గూడు పోదు. మిజోల సంప్రదాయంలో పిల్లలది తండ్రి వంశం. భర్త నోటిమాటతో పెళ్లి రద్దయ్యే ఆచారం ఉండేది. 2014 లో తెచ్చిన చట్టంతో అక్కడ భార్య ఆస్తి హక్కు రాతలోకి ఎక్కింది.

విడిగా ఉంటున్నవారు: అన్నిటికన్నా బరువైన మాట ఇదే. 2011 లో విడాకులు పొందిన స్త్రీలు సుమారు 9 లక్షలైతే, విడాకుల్లేకుండా విడిగా ఉన్నవారు 24 లక్షలకు దగ్గర. వీరి చేతిలో మరణపత్రం ఉండదు, కోర్టు తీర్పూ ఉండదు. ఉత్తరప్రదేశ్, బిహార్, హర్యానా, రాజస్థాన్‌లలో ఈ అంకె మరీ తక్కువ. దాన్ని కాపురాల చల్లదనంగా చదవకూడదు. పుట్టింటికి తిరిగిరావడం పరువుతక్కువైన చోట విడిపోవడమూ కష్టమే, విడిపోయానని లెక్క రాసేవారికి చెప్పడమూ కష్టమే. మహారాష్ట్రలో భర్తలు వదిలేసిన స్త్రీలు 1988 లో సంగమనేర్‌లో సమావేశమై తమ హక్కులు అడిగారు. రాజస్థాన్‌లో 2000 లో ఒంటరి స్త్రీల సంఘం ఏకల్ నారీ శక్తి సంఘటన్ పుట్టింది. తెలంగాణ 2017 లో ఒంటరి మహిళలకు పింఛను మొదలుపెట్టి, భర్తకు ఏడాదికి పైగా దూరంగా ఉన్నవారినీ చేర్చింది. విడాకుల కాగితం కోసం పట్టుబట్టకపోవడమే అందులోని మేలు.

పెళ్లికాని తల్లి: పిల్లలెందరన్న ప్రశ్న జనగణనలో పెళ్లయిన స్త్రీలకే ఉంది, కాబట్టి ఈమె లెక్కలోకే రాదు. కేరళ వయనాడ్, అట్టప్పాడి ఆదివాసీ పల్లెల్లో పెళ్లి చేసుకుంటామని మోసగించి పోయినవారి వల్ల తల్లులైనవారు ఉన్నారు. ఆ రాష్ట్రం ‘స్నేహస్పర్శం’ పేరిట నెలనెలా సాయమిస్తోంది. తండ్రి పేరు చెప్పకుండానే ఇలాంటి తల్లి సంరక్షకురాలు కావచ్చని సుప్రీంకోర్టు 2015 జులైలో తీర్పిచ్చింది. బడిలో, కార్యాలయంలో ఆ తీర్పు తెలిసినవారు ఉంటేనే ఆమెకు ఊరట.

ఇంటి పెద్ద: వివాహితులన్న మాట వెనకా ఒంటరిగా పిల్లల్ని సాకే తల్లులున్నారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల్లో ఆడవాళ్లు పెద్దలుగా ఉన్న ఇళ్లు 1992-93 లో 9 శాతం, 2019-21 లో 18. బిహార్‌లో ఇందుకు ముఖ్య కారణం మగవాళ్ల వలస. గల్ఫ్ వలసలున్న జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లోనూ పిల్లల చదువు, వ్యవసాయం, అప్పుల వాయిదాలు భార్య మీదే. పట్టా పాసుపుస్తకం మాత్రం ఎడారిలో ఉన్నవాడి పేరున ఉంటుంది.

ఈ మాటలన్నీ మగవాడు ఎందుకు లేడో చెప్పేవే. పిల్లల్ని ఎవరు పెంచుతున్నారో చెప్పే మాట ఒక్కటీ లేదు. పిల్లల గురించిన ప్రశ్న పెళ్లితో ముడిపెట్టకుండా ప్రతి స్త్రీనీ అడగాలి. పింఛనుకు, రేషన్ కార్డుకు, బడి దరఖాస్తుకు భర్త లేడన్న రుజువు అడగడం మాని, బిడ్డ ఆమె దగ్గర పెరుగుతోందన్న రుజువు చాలనాలి. ఆరేళ్లలోపు పిల్లలకైతే ఆ రుజువు అంగన్‌వాడీ రిజిస్టరులో ఇప్పటికే ఉంది.